మూడు అరల తోలు బ్యాగు

మొన్న హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు బస్సు కోసం నిలబడి, ఏం తోచక, మగవాళ్ళ భుజాల వంక చూడటం మొదలుపెట్టాను. అరవై దాటిన ఆడమనిషి ఎవరి వంక ఎంతసేపు చూసినా ఎవరూ ఏమీ అనుకోరు. ఈ వయసులో దక్కిన కొద్దిపాటి సుఖాల్లో అదొకటి. ఒక కుర్రాడికి ఛాతీ మీద అడ్డంగా చిన్న నల్ల సంచీ, ఇంకొకడికి వీపున రెండు పట్టీల బ్యాగు, బ్యాంకు ఉద్యోగిలా ఉన్న ఒకాయనకు భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, తోట కౌలుకు చేసేవాడిలా ఉన్న ఒక పెద్దాయనకు చంకలో జిప్పు బ్యాగు. సంచీ లేని మగవాళ్ళు మొత్తం మీద ఇద్దరే కనపడ్డారు. ఒకాయన ట్రాఫిక్ పోలీసు, రెండోవాడు లారీ కింద పడుకుని ఏదో బిగిస్తున్న మెకానిక్కు. బ్యాగు ఉన్నవాళ్ళలో ఒక్కరూ దాని గురించి ఆలోచిస్తున్నట్టు లేదు. వాళ్ళని చూసి నవ్వేవాళ్ళూ లేరు. నేను మాత్రం వచ్చిన బస్సు వదిలేసి పక్కనున్న బల్ల మీద కూర్చున్నాను. మా నాన్న ఒక ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగు భుజాన తగిలించుకుని కొన్నేళ్ళ పాటు ఈ దారులన్నీ తిరిగాడు. ఆ బ్యాగు విషయంలో నేను చేసిన పని ఒకటుంది, అదెందుకు చేశానో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మాది ఆగిరిపల్లికి కూతవేటు దూరంలో ఉన్న ఊరు. అప్పట్లో మగవాళ్ళు సంచీలు పట్టుకునేవారు కాదా అంటే పట్టుకునేవారు. కాకపోతే ఎవరు ఏ సంచీ పట్టుకోవాలో ఊరంతటికీ తెలుసు. కండక్టరుకి తోలు సంచీ ఉండొచ్చు. పోస్ట్‌మాన్‌కి ఖాకీ సంచీ ఉండొచ్చు. సైకిలు మీద వచ్చే ఆరెంపీ డాక్టరుకి పెట్టెలాంటి బ్యాగు, పాస్టరు గారికి బైబిలూ పాటల పుస్తకమూ పట్టే జిప్పు సంచీ, మామిడి షావుకార్లకి చంకలో రెక్సిన్ బ్యాగు. ఇవేవీ కాని మామూలు మగాడు సంతకెళితే చేతిసంచీ, చుట్టాలింటికెళితే భుజాన తువ్వాలు, అంతే. చుట్టా అగ్గిపెట్టే రొంటిన, మిగతావి జేబులో. జేబులో పట్టనిది భార్య చేతికిచ్చేవారు. భుజానికి సంచీ తగిలించుకున్నవాడు ఉద్యోగస్తుడో, ఊరు కానివాడో అయి ఉండాలి. మా నాన్న ఈ రెండూ కాదు.

నాన్న పేరు దేవదానం. మామిడి అంట్లు కట్టేవాడు. తాతయ్యా అదే పని చేసేవాడు గానీ ఆయన కాలం పద్ధతి వేరు. టెంక నాటి మొలిపించిన మొక్కని కుండీతో సహా తల్లిచెట్టు దగ్గరికి మోసుకెళ్ళి, కొమ్మకు ఆనించి కట్టి, రెండూ అతుక్కునేదాకా మూడు నెలలు నీళ్ళు పోస్తూ కాపలా కాసేవారు. నాన్న ఎక్కడో శిక్షణకు వెళ్ళి కొత్త పద్ధతి నేర్చుకొచ్చాడు. ఇందులో మొక్కలు ఇంటి దగ్గరే ఉంటాయి. మంచి చెట్టు కొమ్మల చివర్ల నుంచి పెన్సిలంత లావు, జానెడు పొడుగు పుల్లలు కోసి తెచ్చి, మొక్క పక్కన చెక్కి, పుల్లని చెక్కి, రెంటినీ కలిపి రిబ్బనుతో బిగించడమే. పుల్లలు కోసే పది రోజుల ముందే చెట్టెక్కి వాటి ఆకులు తుంచేసి రావాలి. అప్పుడు చివర మొగ్గ ఉబ్బి, అతుక్కోవడానికి తయారవుతుంది. కోశాక మాత్రం తడి ఆరకూడదు, వేడి తగలకూడదు. బస్సులో ఊళ్ళు దాటి వచ్చిన పుల్ల బతికుందో చచ్చిందో పైకి చూస్తే తెలీదు. కట్టిన మూడు వారాలకు చిగురు వేస్తేనే తెలుస్తుంది.

నాన్న కష్టమంతా ఆ ప్రయాణంలోనే. గోనె సంచీలో తెస్తే ఎండిపోయేవి. రెక్సిన్ సంచీలో తెస్తే ఉడికిపోయేవి. గుడ్డసంచీలో పెడితే గాలికి దారిలోనే ఆరిపోయేవి. ఆ రోజుల్లో మా మార్త అత్తయ్య, అంటే నాన్నకు అక్క, విజయవాడలో నర్సుగా చేస్తుండేది. ఒకసారి చూడటానికి వచ్చి, తను వాడి వాడి పక్కన పడేసిన తోలు హ్యాండ్‌బ్యాగు అమ్మ వాడుకుంటుందని తెచ్చింది. ముదురు గోధుమరంగు, లోపల మూడు అరలు, పైన టక్కున పడే ఇత్తడి కొక్కెం, భుజానికి పొడుగాటి పట్టీ. అమ్మ దాన్ని చూసి, "నేనెక్కడికెళ్ళాలి వదినా దీన్నేసుకుని" అంది. నాన్న మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొబ్బరిపీచు తడిపి లోపల పెట్టి, మధ్యాహ్నం ఎండలో గోడ మీద ఉంచి, సాయంత్రం చెయ్యి పెట్టి చూశాడు. పీచు తడిగానే ఉంది, లోపల చల్లగా ఉంది. "అక్కా, ఇది నాకు కావాలి" అన్నాడు. అత్తయ్య నవ్వుతుందేమోనని నేను ఆవిడ మొహం వైపు చూశాను. ఆవిడ నవ్వలేదు.

ఆ తర్వాత ఆ బ్యాగు లేకుండా నాన్న గుమ్మం దాటింది లేదు. నడి అరలో తడిపీచు, దానిమీద తడిగుడ్డలో చుట్టిన పుల్లలు. ఒక పక్క అరలో అంటుకత్తి, సాన, రిబ్బన్లు. రెండో పక్క అరలో కళ్ళజోడు, అన్నం పొట్లం, మడతపెట్టిన తువ్వాలు. ఇంట్లోకి వస్తూనే వసారాలో మేకుకు తగిలించేవాడు. దాన్నుంచి మామిడి సొన వాసన, పాత తోలు వాసన, అడుగున ఎక్కడో అత్తయ్య పౌడరు వాసన కలిసి వచ్చేవి. అన్నం పొట్లం విప్పితే ఆవకాయన్నం కూడా పౌడరు వాసన వేసేదని అమ్మ విసుక్కునేది. నాన్నకు ముక్కు సరిగా పని చేయదో, ఇష్టంగా ఊరుకునేవాడో తెలీదు గానీ, ఏమీ అనేవాడు కాదు.

దారిలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉండేవారు. "ఏంటి దేవదానం, మీ ఆవిడ బ్యాగేసుకొచ్చావ్?" అని. "నాదేనండీ. మా అక్కిచ్చింది. ఇదిగో చూడండి" అని నాన్న కొక్కెం తీసి మూడు అరలూ చూపించడం మొదలుపెట్టేవాడు. ఎగతాళి చేసినవాడు తప్పించుకు పోదామన్నా వదిలేవాడు కాదు. తడిగుడ్డ ముట్టుకు చూడమనేవాడు. పాతరకం అంట్లు కట్టేవాళ్ళు మాత్రం, "సంచీలో పుల్లలేసుకొచ్చి చెట్లు చేస్తాడంట" అని టీకొట్టు దగ్గర నవ్వుకునేవారు. నాన్నకు అదీ పట్టేది కాదు. పట్టింది నాకు.

నేనప్పుడు నూజివీడు కాలేజీలో ఇంటర్ మొదటి ఏడు. నాన్న పనికెళ్ళే రోజుల్లో ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం. బస్టాండులో దిగగానే నేను గబగబా నాలుగడుగులు ముందుకు వేసేదాన్ని. నాన్న "జాగ్రత్తమ్మా" అని వెనక నుంచి అంటే తల ఊపేదాన్ని గానీ తిరిగి చూసేదాన్ని కాదు. నాతో చదివే అమ్మాయిల నాన్నలు క్లర్కులు, టీచర్లు. వాళ్ళు చేతులు ఊపుకుంటూ నడిచేవారు. మా నాన్న పంచె, చొక్కా, భుజాన ఆడవాళ్ళ బ్యాగు. దాని పట్టీ జారిపోకుండా మోచెయ్యి ఒంటికి ఆనించి, అచ్చం మా లెక్చరరు మేడమ్ నడిచినట్టే నడిచేవాడు. ఆయన పనిని తక్కువగా చూశానని ఎవరైనా అంటే ఒప్పుకోను. పనిని కాదు, ఆ మోచేతిని. అంత చిన్న విషయానికి అంత సిగ్గు పడ్డాను.

ఆ వేసవిలో కుట్టుపని నేర్చుకున్నాను. పరికిణీలూ జాకెట్లూ అయ్యాక, ఇంట్లో పడి ఉన్న ఖాకీ గుడ్డతో పోస్ట్‌మాన్ సంచీలాంటిది ఒకటి కుట్టాను. మూత, రెండు గుండీలు, వెడల్పాటి పట్టీ. నాన్నకిచ్చి, "ఇక ఇది వాడు నాన్నా, మగవాళ్ళకి ఇది బావుంటుంది" అన్నాను. "బావుందమ్మా, కుట్టు గట్టిగా వేశావు" అని పట్టీ లాగి చూసి, మేకుకు తగిలించాడు. గుడ్డసంచీలో పుల్లలు ఆరిపోతాయని నాకూ తెలుసు. అయినా వాడతాడని ఆశపడ్డాను. వారం తిరక్కుండా ఆ సంచీని తాతయ్య తీసుకున్నాడు. ఆయన కళ్ళల్లో పొరలు వచ్చి మనుషులు మసగ్గా కనిపించేవారు. చేతి తడుములాటతోనే రోజు గడిపేవాడు. తెల్లవారగానే ఇంట్లోవాళ్ళకీ వచ్చిపోయేవాళ్ళకీ పళ్ళు తోముకునే పందుంపుల్లలు ఇవ్వడం ఆయన పని. వేపవో కానుగవో మామిడివో ముందురోజే కోయించి, మెత్తగా ఉండాలని తడిగుడ్డలో చుట్టి, ఆ ఖాకీ సంచీలో పెట్టుకునేవాడు. నేను కుట్టిన సంచీకి ఆ గతి పట్టిందని రెండు రోజులు అలిగాను.

రెడ్డిగూడెం అవతల రత్నమ్మ గారనే ఆవిడకు పెద్ద తోట ఉండేది. ఆ తోటలో గట్టు మీద ఒక టెంకచెట్టు, అంటే అంటు కట్టకుండా టెంక నుంచి తనంతట మొలిచింది. అందరి చెట్లూ కోతలైపోయి, ఊళ్ళో మామిడిపండు మాటే మరిచిపోయాక, ఆషాఢంలో పండేది. పీచుపండే, టెంక దగ్గర కాస్త పులుపు, కానీ ఆ రోజుల్లో అది తప్ప వేరే పండు ఉండదు. రత్నమ్మ గారు ఆ పండ్లు అమ్మేది కాదు. తోటలో పనిచేసినవాళ్ళందరికీ ఇంటికి పంపేది. మా ఇంటికీ వచ్చేవి. ఆ ఏడు తోట పంపకాలయ్యాయి. ఆవిడకూ మరిది కొడుకులకూ మధ్య హద్దు సరిగ్గా ఆ గట్టు మీద పడింది. చెట్టు ఎవరిదన్న దాని మీద మాటా మాటా పెరిగి, చివరికి పెద్దమనుషులు కొట్టేయమన్నారు. ఆవిడ మనిషిని పంపి నాన్నను పిలిపించింది. నేనూ వెంట వెళ్ళాను.

"దేవదానం, చెట్టు పోతే పోయింది. దాని పిల్లలు ఓ డజను చేసి పెట్టు నాకు. నా వాటాలో వేసుకుంటాను" అంది ఆవిడ.

"చేస్తానండీ" అన్నాడు నాన్న.

"పాతోళ్ళు కుదరదన్నారు. చెట్టు కొట్టేస్తుంటే కుండీలు దేనికి కడతామన్నారు. నీ పద్ధతిలో అవుద్దా మరి?"

"అవుద్దండీ. మీకు డజను మొక్కలూ ఇస్తాను. పూచీ నాది."

నాన్న ఎవరికీ అలా మాట ఇవ్వడం నేను వినలేదు. అంట్లు పట్టొచ్చు పట్టకపోవచ్చు అనే ఎప్పుడూ చెప్పేవాడు. ఆ రోజే చెట్టెక్కి, పుల్లలు ఎంచుకుని, వాటి ఆకులు తుంచి వచ్చాడు. పది రోజుల తర్వాత ఒక శనివారం వెళ్ళి పద్దెనిమిది పుల్లలు కోసుకొచ్చాడు. సోమవారం చెట్టు కొడతారన్నారు. అంట్లు మాత్రం ఆదివారం కట్టడు. ఆదివారం నాన్న కత్తి ముట్టుకునేవాడు కాదు. సోమవారం తెల్లారే కడతానని, పుల్లలు బ్యాగులోనే ఉంచి వసారాలో తగిలించాడు. ఆ బ్యాగులో అయితే రెండు రోజులు నిక్షేపంగా ఉంటాయి.

ఆ శని, ఆదివారాలు మా ఊళ్ళో చర్చి సభలు. పొరుగూరి పాస్టరు గారూ, ఆయనతో పాటలు పాడే బృందమూ కలిపి పది మందికి పైగా మా ఇంట్లో దిగారు. నాన్న పందిరి పనుల మీద గుడి దగ్గరికి వెళ్ళిపోయాడు. వసారాలో కాఫీలు తాగుతుండగా, డోలక్ వాయించే అబ్బాయి మేకు మీది బ్యాగు చూసి, "ఈ హ్యాండ్‌బ్యాగు మీదా సిస్టర్?" అని నన్నడిగాడు.

నేను నోరు తెరిచే లోపు అమ్మ వంటింట్లోంచి, "మా ఆయనదండీ. ఆయన రోజూ వేసుకెళతారు" అంది మామూలుగా.

ఆ అబ్బాయి నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు. పక్కనున్న ఇద్దరూ నవ్వారు. పాస్టరు గారు కూడా చిరునవ్వు నవ్వి గ్లాసు వంక చూసుకున్నారు. నాకు చెవులు కాలిపోయాయి. వాళ్ళంతా సభకు బయల్దేరాక, దీపాలు పెట్టే వేళ, ఆ బ్యాగు దించాను. మేకు మీదున్న ఖాకీ సంచీలోంచి తాతయ్య పందుంపుల్లల కట్ట తీసి కిటికీలో పెట్టాను. నాన్న పుల్లల్ని తడిగుడ్డతో సహా ఆ సంచీలోకి మార్చాను. కత్తీ, రిబ్బన్లూ అడుగున వేశాను. ఖాళీ అయిన తోలు బ్యాగు ట్రంకుపెట్టెలో అడుగున పెట్టి, మీద దుప్పటి కప్పాను. ఖాకీ సంచీ మేకు మీద చూడముచ్చటగా ఉంది. రేపు మళ్ళీ ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి బాగుంటుందనుకున్నాను. తాతయ్య కళ్ళతో కాకుండా చేత్తో వెతుక్కుంటాడన్న సంగతి నాకు తట్టనే లేదు.

పొద్దున నేను లేచేసరికి వసారా అంతా మాటలు. తాతయ్య మేకు కింద పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఖాకీ సంచీ. నన్ను అలికిడితోనే పోల్చి, "మంచి లేత పుల్లలు పెట్టావే అమ్మాయ్. అన్నీ ఒక్క కొలతన కోశావు" అన్నాడు. వాకిట్లో, పెరట్లో, కానుగ చెట్టు కింద, ఎక్కడ చూసినా అతిథులు నిలబడి రత్నమ్మ గారి చెట్టును నములుతున్నారు. పాస్టరు గారు గడప పక్కన వంగి, పుల్ల చివర కుంచెలా చేసి, పై పళ్ళు తోముకుంటున్నారు. డోలక్ అబ్బాయి రెండో పుల్ల తీసుకున్నాడు, మొదటిది విరిగిందట.

నాన్న నూతి దగ్గర మొహం కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చాడు. పాస్టరు గారి చేతిలోని పుల్ల చూశాడు. దాని చివర ఉబ్బిన మొగ్గ ఇంకా ఉంది. ఆయన అవతలి చివర నములుతున్నారు. నాన్న తువ్వాలు దించి, అందరినీ ఒకసారి కలియజూశాడు.

"నాన్నా, సంచీలో ఇంకా ఎన్నున్నాయి?" అని తాతయ్యనడిగాడు.

తాతయ్య తడిమి చూసి, "మూడు. ఏం, నీక్కావాలా?" అన్నాడు.

"అవి అంటు పుల్లలు."

తాతయ్య చేతిలోని పుల్ల తడిమాడు, మొగ్గ దగ్గర వేలు ఆగిపోయింది. జీవితమంతా అంట్లు కట్టిన మనిషి. "అయ్యో, నా కళ్ళు పాడుగాను" అన్నాడు.

పాస్టరు గారు నోట్లోంచి పుల్ల తీసి, "ఏమైందండీ దేవదానం గారూ?" అన్నారు.

"ఏం లేదండీ, కానివ్వండి" అన్నాడు నాన్న. మాట మామూలుగానే ఉంది. లోపలికి వచ్చి, నన్ను చూసి, "నా బ్యాగేదమ్మా?" అన్నాడు. ట్రంకుపెట్టెలోంచి తీసి ఇచ్చాను. దాన్ని కప్పిన దుప్పటి కూడా చూశాడు.

"నువ్వు మార్చావా?"

"ఊఁ."

"ఎందుకు?"

"తడి తగిలి తగిలి తోలు పాడవుద్దని" అన్నాను.

ఆయన బ్యాగు కొక్కెం తీసి, వేసి, మళ్ళీ తీశాడు. "సరే. చెప్పులేసుకో, పద" అన్నాడు. బయట తాతయ్య వచ్చినవాళ్ళందరికీ తన గుడ్డితనం గురించి చెప్పుకుంటున్నాడు. తప్పు ఆయనది కాదని నేను బయటికి వెళ్ళి చెప్పలేదు. నాన్న మాత్రం దాటి వెళుతూ ఆయన భుజం మీద చెయ్యి వేసి, "నీ తప్పేం లేదు నాన్నా" అన్నాడు.

ఆదివారం ఆరాధన మాని నాన్న పనికి వెళ్ళడం నేను చూసింది అదొక్కసారే. ఆ మూడు పుల్లలూ బ్యాగులోకి తిరిగి చేరాయి. నూజివీడులో బస్సు మారాం. రెడ్డిగూడెం బస్సులో కిటికీ పక్కన నేను, నా పక్కన నాన్న, ఆయన ఒళ్ళో బ్యాగు. టిక్కెట్లు కొట్టే కండక్టరు కొత్తవాడు, సరదా మనిషి. చిల్లర ఇస్తూ, "హ్యాండ్‌బ్యాగు భలే ఉందండీ. ఎవరిదండీ?" అన్నాడు.

నాన్న ఇప్పుడు కొక్కెం తీసి మూడు అరలూ చూపిస్తాడని నేను కిటికీలోంచి బయటికి తిరిగాను.

"మా అమ్మాయిదండీ" అన్నాడు నాన్న.

బ్యాగు తీసి నా ఒళ్ళో పెట్టాడు. మెల్లగా, లోపలి పుల్లలు కదలకుండా పెట్టాడు. కండక్టరు ముందుకు వెళ్ళిపోయాడు. నేను నాన్న వైపు చూడలేకపోయాను. నా మాట ఆయన నమ్మలేదని, ఎందుకు మార్చానో ఇంటి దగ్గరే తెలిసిపోయిందని అప్పుడు అర్థమైంది. బస్సు దిగేదాకా ఆ బ్యాగు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.

మేం వెళ్ళేసరికి చెట్టు నేల మీద ఉంది. గొడ్డళ్ళవాళ్ళు ఖాళీగా దొరికారని ఒకరోజు ముందే మొదలుపెట్టారట. మేకలు అప్పటికే ఆకుల మీద పడ్డాయి. రత్నమ్మ గారు మంచం వేయించుకుని కాస్త దూరంగా కూర్చుని ఉంది. "నిన్ననే తీసుకెళ్ళావుగా దేవదానం, మళ్ళీ వచ్చావేంటి?" అంది.

"సరిపోలేదండీ. ఇంకొన్ని కోసుకుందామని" అన్నాడు నాన్న. మా ఇంట్లో జరిగింది ఒక్క ముక్క చెప్పలేదు. పడిన కొమ్మల్లో దూరి, మేకల్ని అదిలిస్తూ, ఒక్కొక్క చివర వంచి చూశాడు. తయారుగా ఉన్నవన్నీ నిన్న కోసినవే. వాటిలో పదిహేను ఈపాటికి మా వాకిట్లో పిప్పయి పడి ఉన్నాయి. ఇక మిగిలినవన్నీ ఆకులు తుంచనివి, మొగ్గ నిద్రపోతున్నవి. వాటిలోనే కాస్త నయమనిపించినవి పన్నెండు కోశాడు. నేను బ్యాగు తెరిచి పట్టుకున్నాను. ఒక్కో పుల్ల పెట్టేటప్పుడు ఆయన చెయ్యి నా చేతికి తగిలేది. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి అనుకుంటూనే పన్నెండూ అయిపోయాయి.

ఆ మధ్యాహ్నమే కట్టేశాడు. గుడి మైకులో పాటలు వినపడుతున్నాయి. తాతయ్య పక్కన కూర్చుని, మొక్కలు కదలకుండా పట్టుకున్నాడు. చేతుల్లో మాత్రం ఆయనకు చూపు తగ్గలేదు. పదిహేను మొక్కలు కట్టారు. మూడు వారాలకు రెండే చిగురించాయి, రెండూ ఆ మిగిలిన మూడిట్లోవే. నాన్న ఆ రెండూ తీసుకెళ్ళి రత్నమ్మ గారికిచ్చి, "డజను అన్నానండీ. నా వల్ల కాలేదు" అని చెప్పి వచ్చాడు. ఆవిడ ఏమందో మాకు చెప్పలేదు. టీకొట్టు దగ్గర పాతవాళ్ళు ఆ మాటను చాలాకాలం నమిలారు. సంచీలో చెట్లు తెస్తానన్నాడుగా, ఏవీ అని. ఆ ఏడు నాన్నను తోటలకు పిలిచినవాళ్ళు తక్కువ.

ఆ పద్ధతిలో కట్టిన మొక్కలే ఇప్పుడు ఏ నర్సరీకి వెళ్ళినా వరసలు వరసలుగా ఉంటాయి. పుల్లలు తేవడానికి కుర్రాళ్ళు మంచుముక్కలు వేసే ప్లాస్టిక్ డబ్బాలు భుజాన వేసుకుని మోటారు సైకిళ్ళ మీద తిరుగుతున్నారు. భుజాన ఏముందో చూసి నవ్వే తీరిక ఎవరికీ లేదు. ఇది బాగుందో లేదో గానీ, నాన్నకు మాత్రం బాగుండేది. ఆయన ఓ పాతికేళ్ళు ముందు పుట్టాడని అనుకుంటుంటాను. అలా అనుకోవడంలో నా తప్పు కాలం మీదికి నెట్టే తెలివి ఉందని కూడా తెలుసు. ఆ రోజుల్లోనూ మార్త అత్తయ్య నవ్వలేదు, మా అమ్మ సిగ్గుపడలేదు. సిగ్గుపడింది నేను.

అంట్లు కట్టిన మర్నాడు పొద్దున నాన్న ఆ బ్యాగు ఖాళీ చేసి, లోపలంతా తుడిచి, తోలుకు కొబ్బరినూనె రాసి, నేను కాలేజీకి బయల్దేరుతుంటే తెచ్చి ఇచ్చాడు.

"కండక్టరుతో నీదని చెప్పాను. ఆదివారం పూట అబద్ధమాడినట్టు అవుద్ది. నువ్వే ఉంచుకో" అన్నాడు.

నేను తీసుకున్నాను. నాన్న మేకు మీది ఖాకీ సంచీ భుజాన వేసుకున్నాడు. ఆ రోజు నుంచీ పని మానేసేదాకా దాన్నే వాడాడు. గుడ్డ గంటకల్లా ఆరిపోయేది. అందుకని దారిలో ఎక్కడ బోరింగు కనిపిస్తే అక్కడ ఆగేవాడు. బస్సు దిగేసి, గుడ్డ తడుపుకుని, తర్వాతి బస్సు కోసం నిలబడేవాడు. కాలేజీ నుంచి బస్సులో వస్తూ ఎన్నిసార్లు చూశానో. ఒక చేత్తో బోరింగు కొడుతూ, రెండో చేత్తో గుడ్డ చాచి, బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళ మధ్య నిలబడి ఉండేవాడు. ఆయన బ్యాగు నా ఒళ్ళో ఉండేది.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "నాన్నా, పాత బ్యాగు పట్టుకెళ్ళకూడదా? అందులో అయితే ఆరవుగా."

నాన్న రిబ్బన్లు చుట్టుకుంటూ, తలెత్తకుండా, "ఇది నువ్వు కుట్టింది కదమ్మా" అన్నాడు.

ఆ మాటలో ఎక్కడైనా నిష్ఠూరం ఉందేమోనని వెతికాను. లేదు. ఉండి ఉంటే ఆ పూటే నిజం చెప్పేసేదాన్ని.